సప్పుడు ఏడ ఆగింది

సారు పోయిండని నాకు మొదలు చెప్పింది చాచా. నిజామాబాద్‌ల సారు స్టూడియో కింద పరుపుల దుకాణం ఆయనది. "మాస్టర్ గుజర్ గయే బేటీ," అన్నడు ఫోన్ల. పొద్దున దుకాణం తెరిచి దూది ఏకే మిషన్ చాలు చేసిండంట. రోజూ మిషన్ చాలు కాంగనే మీదికెల్లి సారు కాలుతోని నేలను తన్నేటోడు, బందు పెట్టుమని. ఆ పొద్దు తన్నలే. చాచా కొద్దిసేపు సూసిండు. తర్వాత మిషన్ తనే బందు పెట్టి, చెప్పులు విడిచి మీదికి పోయి సూస్తే, సారు కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడంట.

మధ్యాహ్నం అయ్యేసరికి మా జిల్లా కళాకారుల వాట్సాప్ గ్రూపు నిండ దండం పెట్టే చేతులే. మా గురువు అని ఒకలు. వెన్న లాంటి మనసు అని ఇంకొకలు. వెన్న అని రాసిన పాటగాణ్ని సారు ఒకసారి అద్దం ముందల నిలబెట్టి పాట మొత్తం పాడిచ్చిండు. పాడేటప్పుడు నోరు ఎంత వంకర పోతుందో వానికే తెలువాలని. ఆ పొద్దు వాడు ఏడ్సుకుంట మెట్లు దిగిపోతుంటే నేను దారి ఇచ్చిన. ఇప్పుడు వాడే వెన్న అంటున్నడు.

నేను గ్రూపుల ఏం రాయలే. రాయకుంటే ఏమనుకుంటరో అని కూడా అనిపించలే. చచ్చిపోయినోళ్లను మంచిగ చేసుడు మనకు అలవాటు. సారు బతికుండి ఇది సదివితే మొదటి మాటకే ఆపేసేటోడు. అందుకే ఆయన ఎట్లుండెనో అట్ల చెప్తున్న.

తెల్ల అంగి, మోచేతుల దాక మడిచిన చేతులు, చెంపల ఎప్పుడూ ఒక లవంగం. స్టూడియో గోడలకు చాచా కుట్టిచ్చిన దూది బొంతలు కొట్టి ఉండె. ఆ గదిల అందరూ గుసగుసగనే మాట్లాడేది. సారు గొంతు పెద్దగ చేసుడు నేను ఎన్నడూ వినలే. ఆయనకు గొంతుతోని పనే లేకుండె. కుడిచేతి చిటికెన వేలు చాలు. పాడుతుంటే నచ్చకపోతే ఆ వేలుతోని కంప్యూటర్ కీబోర్డు మీద పొడుగు మీట నొక్కేటోడు. పాట ఆగిపోయేది. ఎందుకు ఆపిండో చెప్పడు. తల ఎత్తి ఫ్యాన్ దిక్కు సూసుకుంట లవంగం ఇటు చెంపలకెల్లి అటు చెంపలకు మార్చుకునేటోడు. గాజు గోడ అవతల మైకు ముందల నిలబడ్డోళ్లు తప్పు తామే ఎతుక్కోవాలె. మల్ల పాడాలె. మల్ల చిటికెన వేలు.

మనుషులను పేరు పెట్టి పిలువకపోయేది. ముక్కుతోని పాడేటామె 'ముక్కు'. తాళం తప్పేటాయన 'కుంటోడు'. పేరు వెట్టినంక ఇగ గదే పేరు, వాళ్ల పిల్లల ముందల కూడా. నా పేరు 'బోధన్ బ్యాండ్'.

మాది బోధన్. మా బాపు పెళ్లిళ్లల్ల బ్యాండ్ కొట్టేటోడు. చెరుకు బండ్లు బారులు తీరే దినాలల్ల ఊరు నిండ పెళ్లిళ్లే, బాపుకు తీరికే లేకుండె. చక్కెర ఫ్యాక్టరీ బందయినంక పెళ్లిళ్లు చిన్నగయినయి, మేళం కూడా చిన్నగయింది. చివరికి బాపు, ఆయన బాకా, ఇంట్ల ఒక పాత కీబోర్డు మిగిలినయి. ఆ కీబోర్డు మీదనే నేను నేర్చుకున్న. డిగ్రీ అయినంక సారు కాడ పనికి కుదిరిన. మొదటి దినం బాపు కూడా వచ్చిండు, ఇస్త్రీ అంగి తొడుక్కోని. సారు ఆయన్ని పైకి కిందికి సూసి, "ఏం వాయిస్తవ్?" అనడిగిండు.

"బ్యాండ్ల బాకా ఊదుతా సారూ."

"బిడ్డ చెవులు మంచిగనే ఉన్నయా? బ్యాండ్ పక్కన పెరిగినోళ్లకు చెవులుండయి, డబ్బాలుంటయి."

బాపు నవ్విండు. పెద్దమనుషులు ఏదన్న అంటే నవ్వాలని ఆయనకు అలవాటు. సారు నవ్వలే. నేను కూసున్న కుర్చీని, ముట్టుకున్న కీబోర్డును జేబు రుమాలుతోని తుడుసుకుండు. నేను అక్కడ పనిచేసినన్ని దినాలు నా చేయి పడ్డ ప్రతి మీటను అట్లనే తుడిచిండు.

అయితే సారుకు చెవి మాత్రం ఉండె. అదొక్కటి ఎవరూ కాదనలేరు. పది మంది కోరస్ పాడుతుంటే, వెనుక వరుసల ఎవరి పట్టీ మోగిందో చెప్పేటోడు. బతుకమ్మ పాట కాడికెల్లి బరాత్ పాట దాక ఈ దిక్కు ఏ ఊరి పాటైనా సారు చేతిల పడితే తయారైతదని పేరు. సిరికొండ అడవుల కాడికెల్లి కూడా పాటలు పట్టుకోని వచ్చేటోళ్లు. తిట్లు తిని పాట తీస్కోని పోయేది.

నా పని ఏందంటే తొవ్వ వేసుడు. సారు కంప్యూటర్‌ల రెండు సాఫ్ట్‌వేర్‌లుండె. ఒకటి సీక్వెన్సర్. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగ, ఎంతసేపు, అదంతా రాసి పెట్టుకునేది. తెర మీద చిన్న చిన్న గీతలు పేర్చినట్టు కనబడ్తది గాని దాంట్ల సప్పుడుండది. రెండోది శాంప్లర్. నిజమైన వాద్యాల సప్పుళ్లను స్వరం స్వరం కోసి దాంట్ల దాచిపెట్టాలె. దానికి పాట తెలువది. మొదటిది చెప్పాలె, రెండోది మోగాలె. ఆ చెప్పిన మాట ఇక్కడికెల్లి అక్కడికి పోయే తొవ్వను మిడి అంటరు. వాద్యానికో చానల్ నంబరు. పంపే దిక్కు ఏ నంబరుంటే అందుకునే దిక్కు గదే ఉండాలె. తప్పితే డప్పుకు రాసింది పిల్లనగ్రోవికి పోతది, పిల్లనగ్రోవి దడదడ దరువేస్తది. అసలు తొవ్వనే కలువకపోతే మీట నొక్కుడే గాని ఏం మోగది.

సారు నాకు ఇవన్నీ చెప్పి నేర్పలే. చెడగొట్టి నేర్పిండు. పొద్దున నేను రాకముందే వచ్చి, ఏదో ఒకటి మార్చి పెట్టేది. ఒకనాడు చానల్ నంబరు. ఒకనాడు మధ్యల తొవ్వనే తీసేసేది. ఒకనాడు స్వరాలన్నిటినీ మోగని చోటికి మీదికి జరిపి పెట్టిండు. పాటోళ్లు వచ్చి చాప మీద కూసున్నంక, మీట నొక్కి, మోగకపోతే నా దిక్కు తిరిగి అడిగేటోడు.

"సప్పుడు ఏడ ఆగింది?"

నేను అందరి ముందల ఎతకాలె. మీట నొక్కినప్పుడు సీక్వెన్సర్‌ల లైటు మెరుస్తుందా? మెరిస్తే మాట లోపలికొచ్చినట్టు. బయటికి పోతుందా? శాంప్లర్‌కు చేరిందా? చేరితే ఏ చానల్‌ల? వాద్యం ఎక్కించి ఉన్నదా? ఒక్కొక్క గడప కాడ ఆగి సూసుకుంట పోవాలె. నిజానికి గంత మంచిగ ఎవరూ నేర్పరు. ఇయ్యాల నా స్టూడియోల ఏది మోగకపోయినా నేను నిమిషంల పట్టుకుంట. కాని అప్పుడు చానాసేపు పట్టేది. వెనుక చాప మీద ఎవరో కిసుక్కున నవ్వేటోళ్లు. దొరికిందాక ఆయన చాయ్ తాగేటోడు, మా ఎవ్వలికీ చాయ్ ఉండకపోయేది.

ఒకనాడు మాపటిదాక ఎతికిన. అన్ని గడపలూ దాటిన, అన్నీ మంచిగనే ఉన్నయి. జక్రాన్‌పల్లికెల్లి వచ్చిన భజన గుంపు కూసోని కూసోని లేచిపోయిండ్రు. వాళ్లు పోయినంక సారు చెయ్యి చాపి స్పీకర్ వెనుక బొత్తం తిప్పిండు. సప్పుడు వచ్చింది. స్పీకర్‌నే సున్నకు పెట్టి కూసున్నడన్నట్టు.

"కంప్యూటర్ల ఎతికినవ్," అన్నడు. "బోధన్ బ్యాండ్, గోడ బయట కూడా లోకముంటది."

ఇంటికి పోయినంక బాపుకు చెప్తే, "మంచిదే గదనే, నేర్పుతుండు," అన్నడు.

గంగారాం తాత గురించి చెప్పాలె ఇప్పుడు. మోస్రా దిక్కు మనిషి, సన్నాయి ఊదేటోడు. సన్నగ, ఎండిన జొన్న దంటు లెక్కుండె గాని సన్నాయి నోట్ల పెట్టుకుంటే ఊపిరి ఏడికెల్లి వచ్చేదో తెలువది. మా బాపుకు కూడా ఎరుకే. ఒక పాటకు సన్నాయి కావాలని సారు పిలిపిచ్చిండు. తాత పట్టు రుమాలు చుట్టుకోని వచ్చి, మైకుకు దండం పెట్టి, పాట ఎత్తుకోబోయిండు. చిటికెన వేలు పడ్డది.

"పాట వద్దు. ఒక్క స్వరం ఊదు. పొడుగ్గ."

తాత ఊదిండు.

"గదే మెల్లగ. గదే గట్టిగ. ఇగ దాని మీది స్వరం."

పొద్దుగూకే దాక గట్లనే. ఒక్కో స్వరం మెల్లగ, గట్టిగ, పొట్టిగ, పొడుగ్గ. తాతకు సమజ్ కాలే. పెండ్లి మండపంల గంటల తరబడి ఊదినోడు, ఒక్కొక్క స్వరం దగ్గర ఆపుతుంటే దమ్ము పట్టి కూసున్నడు. "సారూ, పాట ఎప్పుడు ఊదాలె?" అనడిగిండు చివరికి.

"పాట నేను వాయిస్తా. నువ్వు స్వరాలు ఇచ్చి పో."

పోయే ముందల తాత ఊకోలే. ఎట్లయినా వచ్చిన గద, ఒక్కటి ఊదిపోతా సారూ అని, అడగకముందే ఎత్తుకుండు. పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు ఊదేది. నేను సారు చిటికెన వేలు దిక్కు సూసిన. వేలు లేవలే. కండ్లు మూసుకోని, లవంగం నములుడు ఆపి, అంతా విన్నడు. ఆయన ఒక పాటను అట్ల చివరిదాక వినుడు నేను గదే సూసుడు. తాత సన్నాయి దించి చెమట తుడుసుకుంట, ఏమంటడో అని సూస్తుండు.

"ఇది నాకు పనికి రాదు," అన్నడు సారు.

ఆ స్వరాలన్నిటినీ నేనే శాంప్లర్‌ల ఎక్కించిన, తొవ్వ నేనే కలిపిన. ఇగ సారు కీబోర్డు నొక్కితే తాత మోగేది. నెల తిరిగేసరికి ఏ పాటల విన్నా గంగారాం తాత ఊపిరే. ఎవ్వలూ సన్నాయి మనిషిని పిలిపిచ్చుకునేది లేదు, సారు కాడ ఉన్నది గద అనేది.

పని అడుగుదామని తాత మల్లొకసారి మెట్లెక్కిండు. ఆ పొద్దు సారు కాడ ఆర్మూర్ దిక్కు దోస్తులు కూసోని ఉండె. సారుకు హుషారొచ్చింది. "రా తాతా, మంచి టైముకొచ్చినవ్. నీకో పరీక్ష," అన్నడు. ఒకే పాట రెండు ముక్కలు పెడ్త, ఒకటి నువ్వు ఊదింది, ఒకటి నేను కీబోర్డు మీద వాయించింది, ఏది నీదో చెప్పు అన్నడు. తాత ఆ పొద్దు ఊదిన అత్తగారింటి పాటను సారు రికార్డు చేసిపెట్టుకున్నడని నాకు గప్పుడే ఎరుకైంది. దాన్నే స్వరం స్వరం తాత ఊపిరితోనే మల్ల వాయించి పెట్టిండు.

తాత రెండూ విన్నడు. చెవి స్పీకర్ కాడికి వంచి మల్ల విన్నడు. తాత వేలు ఎత్తి రెండోదాన్ని సూపెట్టిండు.

రెండోది సారుది.

అందరూ పడి పడి నవ్విండ్రు. సారు కూడా ముసిముసి నవ్వు నవ్వి, ఒక స్వరం మీద వేలు పెట్టి అట్లనే ఒత్తి పట్టుకున్నడు. శాంప్లర్‌ల ఆ ముక్కను చుట్టూ తిరిగేటట్టు పెట్టినం, మీట ఇడిచిందాక అది ఆగది. సన్నాయి మోగుతనే ఉన్నది. "సూడు తాతా, నీ ఊపిరే. ఎంతసేపైనా ఊదుతది." తాత ఆ స్వరంతో పాటు తనకు తెలువకుండనే ఊపిరి బిగవట్టిండు. మొఖం ఎర్రబడ్డది, మెడ నరాలు లేచినయి. ఇగ ఆగక దగ్గు వచ్చి గోడ పట్టుకున్నడు. స్వరం ఇంకా మోగుతనే ఉన్నది.

"గింత దమ్ము నాకెక్కడిది సారూ," అన్నడు దగ్గుకుంట. నేను నీళ్లిచ్చిన.

"అయితే నన్నిగ పిలువరా?" అనడిగిండు తాత, నీళ్లు తాగినంక.

"ఎందుకు పిలువం? ఊదనీకి కాదు. వీడియోకు."

నిజంగనే పిలిచిండు. పసుపు చేన్లల్ల, చెరువు కట్ట మీద, ఎడ్లబండి ముందల తాతకు తలపాగ కట్టి, సన్నాయి నోట్ల పెట్టిచ్చి వీడియోలు తీసిండ్రు. బుగ్గలు ఉబ్బించాలె, ఊదొద్దు. ఊదితే షూటింగ్ దగ్గర పెట్టిన పాట డిస్టర్బ్ అయితది. తాత మంచిగ నేర్చుకుండు. యూట్యూబ్‌ల ఆయన మొఖం ఊరూరికి తెలిసింది. బస్సుల కూడా సీటిచ్చేటోళ్లంట.

ఆ మొఖాన్ని సూసి, వర్ని దిక్కు ఒక పెద్ద కాపు ఇంట్ల పెండ్లికి తాతను ఊదనీకి పిలుచుకున్నరు. సారుకు, నాకు కూడా పిలుపే. పందిట్ల తాత లేచి నిలబడంగనే అందరూ ఫోన్లు ఎత్తిండ్రు. తాత ఊదిండు. నా చెవికి మంచిగనే ఉండె, జర దమ్ము తక్కువ, మధ్యల రెండుచోట్ల ఊపిరి తీసుకుండు. అయితే వాళ్లు వినొచ్చింది అది కాదు.

"ఏందే, వీడియోల లెక్క లేదు," అన్నది పెండ్లిపిల్ల మేనత్త.

"ముసలోడైండు, పాపం," అన్నరు ఇంకెవరో.

డీజే కాడున్నోడు ఫోన్ కలిపి యూట్యూబ్ పాట పెట్టిండు. పందిరంతా సన్నాయి. జనం ఈలలు కొట్టిండ్రు. పెండ్లి పెద్ద వచ్చి తాత భుజం మీద చేయి వేసి, "తాతా, నువ్వు ఊకె పట్టుకోని నిలబడు, ఫొటోలు తీసుకుంటరు," అన్నడు మర్యాదగనే. తాత సన్నాయిని పెదవులకు ఆనించి బుగ్గలు ఉబ్బించిండు.

సారు పక్కన కూసోని తింటుండె. చెయ్యి కడుక్కోని, రుమాలుతోని ఒక్కొక్క వేలు తుడుసుకుంట, "తాతకు ఇప్పుడొచ్చింది పని," అన్నడు.

నేను ఎన్నడూ ఎదురు మాట్లాడలే. ఆ పొద్దు నోట్ల మాట ఆగలే. "సార్, ఆ మోగేది ఆయన ఊపిరే గద," అన్న.

"ఆయనదే. అందుకే గద ఆయనను ముందల నిలబెట్టిండ్రు."

"మనం పిలువకుంటే ఆయన ఇట్ల నిలబడకపోతుండె సార్."

ఆయన నా దిక్కు సూడలే. పైన పందిరికి కట్టిన ఫ్యాన్ దిక్కు సూసిండు. బల్ల మీద చిటికెన వేలు ఒక్కసారి ఆనిచ్చి తీసిండు. తెల్లారి స్టూడియోకు పోతే నా కుర్చీ బయట మెట్ల మీద ఉండె. నేను సొంతంగ బోధన్‌ల చిన్న గది పెట్టుకున్నంక, నా కాడికి పోయిన పాటోళ్లు మల్ల తన మెట్లు ఎక్కొద్దని అందరికీ చెప్పిండు. చానా దినాలు ఎవ్వలూ రాలే. బాపు బాకా, నా కీబోర్డు, గోడలు, గంతే.

గంగారాం తాత ఆ వానకాలమే పోయిండు. ఆయన్ని కాలబెడుతున్నప్పుడు కూడా ఎక్కడో ఒక బరాత్ ముందల ఆయన ఊదుతనే ఉండొచ్చు. ఆ తర్వాత వచ్చిన కొత్త పాటలల్ల కూడా ఉన్నడు.

మల్ల సారును నేను సూసింది పోయిన ఎండకాలం. ఇన్నేండ్ల తర్వాత ఫోన్ చేసిండు. ఎట్లున్నవని అడగలే. "బోధన్ బ్యాండ్, ఒక సప్పుడు దొరకుతలేదు. రా," అన్నడు. ఎందుకు పోయిన అంటే, సారుకు దొరకనిది సూడాలని పోయిన. ఆయన ఇబ్బంది పడుతుంటే సూడాలని కూడా ఉండె. అబద్ధమెందుకు.

కింద చాచా దుకాణం ముందల కూసోని ఉన్నడు. రెండు చెవులల్ల దూది. నన్ను సూసి ఒక చెవి దూది తీసి, "ఏం చేస్తుండు బేటీ మీద? తలకాయ పగుల్తుంది," అన్నడు. నాకు అప్పుడు అర్థం కాలే. సారు పాటలు ఈ నడుమ చెవులను గీసుకుపోతున్నయని, సూదులతోని గుచ్చినట్టు ఉంటున్నయని అందరూ అనుడు విన్న గాని, కొత్త ఫ్యాషన్ కావచ్చనుకున్న.

మీద సారు గదే కుర్చీల ఉన్నడు. మనిషి కుంగిండు. మాట్లాడితే కండ్లల్లకు సూసేటోడు ఇప్పుడు మూతి దిక్కు సూస్తుండు. చాప మీద రజిత కూసోని ఉన్నది. కొత్త పాటగత్తె, నిజామాబాద్ పిల్లే, ముప్పై ఏండ్లు దాటి ఉంటయి, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు. పొద్దటికెల్లి కూసున్నట్టుంది, మోకాళ్లు మార్చి మార్చి కూసుంటుంది.

"గజ్జెలు," అన్నడు సారు. "బోనాల పాట. గజ్జెలు రాసిన. వస్తలేవు. మొన్న ముగ్గురొచ్చి సరిచేసి పోయిండ్రు. మల్ల వస్తలేవు. సప్పుడు ఏడ ఆగింది?"

నేను మీట నొక్కిన. గల్లుమన్నయి.

గల్లుమన్నయంటే మామూలుగ కాదు, పండ్లు జివ్వుమనేటట్టు. నా చెయ్యి చెవి కాడికి పోయింది. చాప మీద రజిత భుజాలు ముడుసుకుంది. సారు కదలలే. "సూసినవా?" అన్నడు. "రాలే."

నేను ఆయన మొఖంల పరాచకం ఎతికిన. లేకుండె.

ఏం చేయాలో తోచక, ఆయన నేర్పినట్టే ఒక్కొక్క గడప సూసిన. సీక్వెన్సర్‌ల లైటు మెరుస్తుంది. చానల్ సరిగనే ఉన్నది. శాంప్లర్‌కు మాట చేరుతుంది. గజ్జెలు ఎక్కించే ఉన్నయి. సప్పుడు బయటికి పోయే కాడ కొలత ముల్లు ఎర్రదాని మీదికి ఎగిరి ఎగిరి పడుతుంది. సూపెట్టిన.

"ముల్లు మోగదు," అన్నడు.

అప్పుడొకటి తోచింది. గజ్జెలను కీబోర్డు మీద బాగ కిందికి దించిన. ఎంత దించితే గంత మందంగ, మొద్దుగ, ఎడ్ల మెడల గంటల లెక్క మోగుతయి. నొక్కిన.

సారు తల ఎత్తిండు. "ఆఁ. ఇప్పుడొస్తున్నయి."

ఒక్కొక్క మెట్టు మీదికి జరుపుకుంట నొక్కిన. వస్తున్నయి అన్నడు. వస్తున్నయి. సన్నగ వస్తున్నయి. ఒక కాడికి వచ్చినంక ఊకున్నడు. నేను నొక్కుతనే ఉన్న. నాకు గల్లు గల్లున వినబడుతనే ఉన్నయి.

"గక్కడ ఆగుతుంది," అన్నడు. "గక్కడ సూడు."

"సార్," అన్న ఆయనకు కనబడేటట్టు మూతి తిప్పి, మెల్లగ. "తొవ్వ మంచిగనే ఉన్నది. గజ్జెలు మోగుతున్నయి. మీకు సన్నటి సప్పుళ్లు వినబడుతలేవు. ఒకసారి చెవుల డాక్టర్‌కు సూపెట్టుకోండ్రి."

లవంగం ఒక చెంపలకెల్లి ఇంకో చెంపలకు పోయింది. నేను ఏదో వస్తదని సూసిన. తిట్టు వస్తదని, లేకుంటే, ఏమో, ఆయన కూలిపోతడని. రెండూ కాలే. కుర్చీ తిప్పుకోని రజితను పిలిచిండు.

"లేచి రా. ఇక్కడ నిలబడు."

రజిత వచ్చి నిలబడ్డది. సారు తనే మీట నొక్కిండు. గజ్జెలు గది నిండ పగిలినయి. మల్ల నొక్కిండు. ఒక్క తీరుగ నొక్కుకుంట, ఆమె మొఖంలకు సూసుకుంట అడిగిండు.

"గజ్జెలు వస్తున్నయా?"

రజిత నా దిక్కు సూడలే. సారు మొఖం దిక్కు సూసింది. ఏ జవాబు కావాలెనో ఆ మొఖం మీద ఎతుకుతుంది. ఆమె కంటి కింద చర్మం గజ్జె మోగినప్పుడల్లా అదురుతుంది. నేను సూస్తున్న, నాకు కనబడుతుంది.

"లేదు సార్," అన్నది. "ఏం వస్తలేవు."

సారు నా దిక్కు తిరిగిండు. ఆయన మొఖంల వెలుగు నేను గంత దగ్గరికెల్లి ఎన్నడూ సూడలే.

"విన్నవా? బ్యాండ్ చెవులు. నేను మీ బాపుకు అప్పుడే చెప్పిన."

సంచి భుజానికి వేసుకున్న. నేను తలుపు దాటకముందే రుమాలు తీసి, నేను నొక్కిన మీటలు తుడుసుడు మొదలు పెట్టిండు. తర్వాత సన్నటి సప్పుడు పెంచే బొత్తాన్ని ఇంకింత తిప్పినట్టుండు, మెట్లు దిగుతుంటే గజ్జెలు వెనుకకెల్లి వీపుల గుచ్చుకున్నయి. ఇంటికి పోయినంక కూడా రాత్రి దాక చెవులల్ల గుయ్యిమన్నది.

సగం మెట్లు దిగిన్నో లేదో, "అక్కా" అని వినబడ్డది. రజిత. చెప్పుల్లేకుండ ఉరికొచ్చింది.

"అక్కా, మోగినయి. చెవులు పగిలేటట్టు మోగినయి. మొన్నటికెల్లి మోగుతనే ఉన్నయి. నాకు రోజూ తలనొప్పి లేస్తుంది."

"మరి లేదన్నవేంది? ఆయనకు చెవులు పోతున్నయని ఎవరో ఒకలు చెప్పాలె గద. ఇప్పుడే సూపెట్టుకుంటే ఇంకింత పోకుండ ఆపేటోళ్లేమో."

ఆమె రైలింగ్ పట్టుకోని నా దిక్కు సూసింది. కోపం లేదు, సిగ్గు కూడా లేదు.

"నువ్వు చెప్పి బోధన్ పోతున్నవ్ అక్కా. నేను చెప్పినా మల్ల మీదికే పోవాలె."

మీదికెల్లి సారు పిలిచిండు, "ముక్కూ" అని. ఆ పేరు ఇప్పుడు ఈమెకొచ్చిందన్నట్టు. రజిత చున్నీ సరిచేసుకోని, మొఖం మామూలుగ చేసుకోని, మెట్లెక్కి లోపలికి పోయింది. తలుపు దగ్గరకు వేసుకుంది.